అంతర్వేది తీర్థము

శిశిరర్తువు వింతయైన కాలము. ఒకవంక ఆకు రాలుచుండును. ఒకవంక మామిడి పూచుచుండును. మన మనస్సును అట్లే సంతోషమునకును దిగులునకును నడుమ ఊగుచుండును. అట్టి దినములలో, 2023వ సంవత్సరము మాఘమాసమున, బాల్యస్నేహితురాలితో గూడి అంతర్వేది తీర్థమునకు బోయితిని.

ఆమె భర్తను గోల్పోయి అప్పటికి ఏడాది దాటినది. ఆ సమయమున జాబు వ్రాసి ఊరకుంటినే కాని, పోయి పలుకరింపనైతిని. ఏమని ఓదార్తునను జంకే కారణము. ఆ తప్పు నన్ను దొలుచుచుండెను.

వేకువనే నరసాపురపు రేవున పంటు నెక్కితిమి. మంచు విడలేదు, సఖినేటిపల్లి గట్టు కానరాలేదు. ఇరువురమును మాటాడుకొనలేదు. ఆవల దిగి, బస్సున అంతర్వేది చేరితిమి. గోదావరి పాయయైన వసిష్ఠ యిచ్చటనే సముద్రమున గలియును.

శ్రీ లక్ష్మీనరసింహస్వామి కల్యాణము మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగును. పందిరి కడకు రమ్మనగా ఆమె వెనుకాడెను.

“శుభకార్యమున నేనెదురుపడిన నలుగురును ఏమందురో! నీవు చూచి రావే” అనెను.

నేనును ముందునకు బోక, జనము వెనుక ఆమె చెంతనే కూర్చుంటిని. మంగళవాద్యములు మ్రోగగానే ఆమె నా చేయి పట్టుకొని, “అప్పుడు రాలేదేమే?” అని యడిగెను.

“భయపడితినే” యంటిని. వేరొక సమాధానము నాకు లేదు.

మరునాడు భీష్మైకాదశి; రథోత్సవము. పూర్వపు రథము 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతి కాగా, 2021లో సిద్ధమైన క్రొత్త రథమిది. అది గుఱ్ఱాలక్క గుడికడ నిలిచినది. రక్తవిలోచనుని సంహారమున స్వామికి తోడ్పడిన శక్తియే యీమెయని స్థలపురాణము. స్వామికి తోబుట్టువని జనుల నమ్మకము. పెండ్లియైన మరునాడే స్వామి సోదరికి చీరసారెలు సమర్పించుట ఆచారము. కష్టమున తోడైనవారిని శుభదినమున మరువరాదు గదా! నేనో, కష్టమున తోడు గాక, పండుగకు మాత్రము పిలిచితిని. సిగ్గుతో తల వంచితిని.

తీర్థపు అంగడిలో గాజులు కొని ఆమె చేతులకు తొడిగితిని. ఆమె వలదనలేదు.

“అత్తగారు చూచి యేమందురో!” అని నవ్వినది. కన్నులలో మాత్రము నీరు నిండినది.

“ఈసారి నేనును నీ వెంట ఇంటిదాక వత్తును” అంటిని. ఆ మాట చెల్లించుకొంటిని.

సోదరీమణులారా! దుఃఖములో నున్న చెలికత్తెకు జాబు వ్రాసి ఊరకుండకుడు. మాటలు రాకున్నను సరే, పోయి ప్రక్కన కూర్చుండుడు.