వట్టికాళ్ళ ఆట

మదనపల్లెలో జరిగిన ఒక పోటీకి పుంగనూరు నుంచి మా బడి ఫుట్‌బాల్ జట్టును తీసుకువెళ్ళాను. జట్టులో అందరికంటె చురుకైనవాడు, మండీలో టమాటా పెట్టెలు మోసే హమాలీ కొడుకు. వాడికి బూట్లు లేవు. బూట్లు లేనివాణ్ణి దింపరాదని నిర్వాహకులు అన్నారు. "నియమం నియమమేరా, బయట కూచో" అన్నాను నేను. "సరే సార్" అని గీత అవతల గొంతుక్కూచున్నాడు. ఆట ఓడిపోయాం. బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

నియమం వాళ్ళది కావచ్చు. ఆ మాట మాత్రం నాది. అదే నన్ను యిప్పటికీ బాధిస్తూ వుంది.

యీ నియమం ఆకాశం నుంచి వూడిపడలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు వట్టికాళ్ళతో ఆడే బంగారు పతకం తెచ్చారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ తరువాతనే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయినాయి. మంచిదే. కాని, తప్పనిసరి చేసినవాళ్ళు కొనిపెట్టేదెవరో కూడా చెప్పవలసింది గదా!

అమెచ్యూరు అనే మాటలోనే యీ చిక్కు వుంది. డబ్బుకోసం కాక ప్రేమకోసం ఆడేవాడని దాని అర్థం. వినడానికి ఎంతో వున్నతంగా వుంటుంది. కాని కూలి పోగొట్టుకుని ఆటను ప్రేమించగలిగేది ఎవరు? జర్మనీలో 1930లో, గని కార్మికుల జట్టుగా పేరుపొందిన షాల్కే ఆటగాళ్ళను, అనుమతించిన భత్యం కంటె ఎక్కువ తీసుకున్నారని నిషేధించారు. ఆ దేశంలోనే కార్మికులు 1893లో గేరా పట్టణంలో తమ సొంత వ్యాయామ సంఘాన్ని స్థాపించుకున్నారు. తరువాత ఫుట్‌బాల్ పోటీలూ తామే జరుపుకున్నారు. 1925లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఒలింపిక్సు చేశారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం ఆ సంఘాన్ని అణచివేసింది. కార్మికులు తమంతట తాము కూడి ఆడుకోవడం కూడా నియంతకు భయమే!

మన వైపు చూద్దాం. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. 1943 నుంచి 1963లో చనిపోయేవరకూ అక్కడి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఒక్కడే బంతిని అట్టిపెట్టుకోకుండా తోటివాడికి అందించడం నేర్పడానికి, డ్రిబ్లింగు లేని పోటీలు పెట్టాడాయన. ఆయన తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది.

యిది ఒక్క మనిషి ప్రతిభ మాత్రమే అనుకుంటే పొరపాటు. పోలీసు జట్టులోని ఆటగాడికి నెలజీతం వుండేది. సాధనకు తీరిక వుండేది. ప్రతిభకు నేల దొరికింది, మొలకెత్తింది. కుప్పంలో పనిచేసినప్పుడు నా దగ్గర ఆడిన ఒక కుర్రవాడు చదువు ముగియగానే తెల్లవారు రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోసాగాడు. రాత్రికి గాని తిరిగి వచ్చేవాడు కాదు. "ఆదివారం వస్తాలే సార్" అనేవాడు. ఆదివారాలు నిద్రకే చాలలేదు. వాడికి బూట్లు వున్నాయి, పొద్దు లేదు.

అంచేత క్రీడాస్ఫూర్తి గురించి వుపన్యాసాలు యిచ్చే ముందు, బూట్లు ఎవరివి, పొద్దు ఎవరిది అని మనం అడగాలి. మదనపల్లె నుంచి వచ్చాక మా వుపాధ్యాయులం చందాలు వేసుకుని పది జతలు కొన్నాం. అవి ఎవరి సొత్తూ కావు. బడి బీరువాలో వుంటాయి. ఆ హమాలీ కొడుకు వాటిని తొడిగి చూసి, "కాలు బిగుసుకుంటాది సార్" అన్నాడు. నాలుగు రోజుల్లో అలవాటుపడ్డాడు.

కాని, ఆ రోజు గీత అవతల కూచోబెట్టినందుకు వాడికి నేను చెప్పవలసిన మాట మాత్రం యింకా చెప్పలేదు. యీ వ్యాసం ముందు వాడికే చదివి వినిపిస్తాను.