లారీ దిగి క్లినిక్‌కి వెళ్లిన బావ

మా బావ అమెరికా ఆర్మీలో చేరాడని తెలిసినప్పుడు నారాయణఖేడ్‌లో మా బంధువులు అడిగిన మొదటి ప్రశ్న: "తుపాకీ ఇచ్చిన్రా?" రెండోది: "ఏం పని?" లారీ నడపడం అని చెప్పేసరికి అందరూ సైలెంట్.

బావ అంటే మా మేనత్త కొడుకు. మామయ్య చిన్నప్పుడే పోతే మా బాపే చదివించాడు. బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి అమెరికా వెళ్లాడు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, గ్రీన్‌కార్డు వచ్చింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అక్కడ సైన్యంలో సిపాయిగా చేరొచ్చు. ఏడాదంతా కన్సల్టెన్సీల చుట్టూ తిరిగి విసుగొచ్చి చేరిపోయాడు. వాళ్ల సైన్యంలో ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది. బావది 88ఎం, అంటే పెద్ద పెద్ద ట్రక్కులు నడిపే ట్రేడ్.

మూడో ఏడాది సామాను దించుతుంటే మోకాలు తిరగబడింది. రెండు నెలలు ఫిజికల్ థెరపీ క్లినిక్‌కి తిరిగాడు. ఆర్మీలో పీటీ అంటే పొద్దున్నే చేసే కసరత్తు కూడా, థెరపీ కూడా. "ఒక పీటీల కాళ్లు ఇరగ్గొట్టుకుంటం, ఇంకో పీటీకి పోయి అతికించుకుంటం" అని ఫోన్‌లో నవ్వేవాడు. కానీ అక్కడ తనతో రోజూ వ్యాయామం చేయించిన సిపాయిని చూసి బావకి ఒక ఆలోచన వచ్చింది. ఆ సిపాయి ట్రేడ్ 68ఎఫ్, ఫిజికల్ థెరపీ స్పెషలిస్ట్.

ట్రేడ్ మారడం మన కంపెనీలో టీమ్ మారినంత ఈజీ కాదు. ఒప్పందం పొడిగించుకునే టైమ్‌లో కెరీర్ కౌన్సెలర్‌ని కలవాలి. పరీక్షలో మార్కులు సరిపోవాలి, అందులో ఖాళీ ఉండాలి. అన్నీ కుదిరితే మళ్లీ బడికి పోవాలి. ఆ బడి టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దగ్గర ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో ఉంది. ముందు ఎముకలు, కండరాలు, నరాల పాఠాలు, తర్వాత ఆసుపత్రిలో ప్రాక్టీసు. ముప్పై దాటిన బావ పక్కన ఇరవై ఏళ్ల పిల్లలు.

మేనత్త గొడవ చేసింది. "ఎంఎస్ సదివి లారీ నడిపితివి. ఇప్పుడు కాళ్లు పిసుకుడా?"

నేనూ తక్కువ తినలేదు. "బావా, మారేదేదో సైబర్ సెక్యూరిటీకి మారు. బయటికొస్తే మంచి ప్యాకేజ్" అన్నాను. పైగా ఆ ట్రైనింగ్ అయినంత మాత్రాన బయట థెరపిస్టుగా లైసెన్సు రాదు. మళ్లీ డిగ్రీ చదవాల్సిందే. ఏ లెక్కన చూసినా నష్టమే అనిపించింది.

బావ ఒక్కటే చెప్పాడు. "లారీ యాడికి పోయిందో నాకు తెలుస్తది. దాంట్ల సామాను ఎవనికి పనికొచ్చిందో తెల్వది. క్లినిక్‌ల తెలుస్తదిరా. మనిషి కర్ర మీద బరువేసి వస్తడు, కొన్నాళ్లకు అదే కర్ర సంకల పెట్టుకొని పోతడు."

అప్పుడు అది నాకు సినిమా డైలాగ్‌లా వినిపించింది.

తర్వాత మా బాపుకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. ముప్పై ఏళ్లు ఎరువుల దుకాణంలో నిలబడి పత్తి రైతులతో, కంది రైతులతో బేరాలాడిన మనిషి మంచం మీద పడ్డాడు. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు వ్యాయామాల కాగితం ఇచ్చారు. దాన్ని ఫ్రిజ్‌కి అంటించాను. ఆన్‌లైన్‌లో వీల్‌చైర్ తెప్పించాను, చూసుకోవడానికి ఒక పిల్లోణ్ని పెట్టాను, నెలనెలా డబ్బులు పంపాను. గచ్చిబౌలిలో కూర్చుని నా డ్యూటీ నేను చేస్తున్నాననే అనుకున్నాను. అమ్మ అన్నం తినిపించేది, ఆ పిల్లోడు ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఆయన్ని కదలనివ్వకపోవడమే ప్రేమ అనుకున్నాం. నాలుగు నెలల్లో బాపు మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

ట్రైనింగ్ అయిపోయి కొత్త ఆసుపత్రిలో చేరేముందు బావ ఇరవై రోజుల సెలవు మీద వచ్చాడు. రాగానే ఆ కాగితం అడిగాడు. తర్వాత బాపుని సంగారెడ్డిలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. "నువ్వే చూడొచ్చు కదా?" అన్నాను. "నేను డాక్టర్ని కాను, థెరపిస్టును కాను. వాళ్లు చూసి చెప్పింది దగ్గరుండి చేయించుడే నా పని" అన్నాడు.

మొదటి మార్పు మంచం. నులక మంచం గుంతలా ఉంటే అందులోంచి లేవడం కష్టం. గట్టి మంచం వేసి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు. రెండోది, ఎడమ చెయ్యి పట్టి లాగి లేపొద్దని అందరికీ గట్టిగా చెప్పాడు. పక్షవాతం వచ్చిన భుజం వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది. మేం రోజూ చేస్తున్నది అదే! నీళ్ల గ్లాసు, టీవీ రిమోట్ ఎడమ పక్కకు మార్చాడు. దెబ్బతిన్న మెదడు పోయిన పనిని మళ్లీ నేర్చుకోవాలంటే ఆ పనిని వందలసార్లు చేయాలట. అన్నీ మనమే చేసిపెడితే అది నేర్చుకునేదెప్పుడు?

పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు లేచి కూర్చోవడం. బాపు తిట్టాడు, ఏడ్చాడు. మూడో రోజు, "నేను సదివించిన పోరగాడు నా కాళ్లు పట్టుకునుడేందిరా" అన్నాడు. బావ తలెత్తకుండా, "పట్టుకుంటలేను మామా, నిలబెడుతున్న. లే, ఇంకొక్కసారి" అన్నాడు.

రాత్రిపూట కబుర్లు చెప్పేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికా సైనికులకి వ్యాయామాలు చేయించడానికి మేరీ మెక్‌మిలన్ లాంటి మహిళల్ని తీసుకున్నారట. అక్కడ ఈ వృత్తి నిలదొక్కుకున్నది సైనిక ఆసుపత్రుల్లోనే. మన సైన్యంలోనూ గాయపడిన జవాన్ల కోసం 1944 నుంచి పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల కోసం పక్కనే ఖడ్కీలో 1974 నుంచి పునరావాస కేంద్రం నడుస్తోంది.

బాపుకి నచ్చింది మాత్రం మురళీకాంత్ పేట్కర్ కథ. సికింద్రాబాద్ ఈఎంఈలో బాక్సింగ్ చేసిన జవాను. 1965 యుద్ధంలో ఒంట్లో తూటాలు దిగి నడుము కింద చచ్చుబడింది. ఈతకి మారాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో మన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 'చందు ఛాంపియన్' సినిమా ఆయనదే. "మన సికింద్రాబాదేనా?" అని బాపు రెండుసార్లు అడిగాడు.

పద్దెనిమిదో రోజు నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని బాపు గేటు దాకా నడిచాడు. ఇరవై రెండు అడుగులు. నేను వీడియో తీద్దామని ఫోన్ తీస్తే బావ ఆపాడు. "ఫోన్ జేబుల పెట్టు. నువ్వు ఎడమ దిక్కు నిలబడు. నేను పోయినంక అక్కడ ఉండాల్సింది నువ్వే."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

ఇప్పుడు వారంలో మూడు రోజులు ఖేడ్ నుంచే పనిచేస్తున్నాను. మేనేజర్‌ని ఒప్పించడానికి నెల పట్టింది. నెట్ పోతే మొబైల్ హాట్‌స్పాట్. పొద్దున స్టాండప్ మీటింగ్ కంటే ముందు బాపు స్టాండప్. ఎడమచేతి వేళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, బహుశా తెరుచుకోకపోవచ్చు కూడా. కానీ బాత్రూమ్‌కి తనే వెళ్తున్నాడు. వీల్‌చైర్ మీద ఉతికిన బట్టలు ఆరేస్తోంది అమ్మ.

ఆదివారం బావ వీడియో కాల్ చేస్తాడు. ఎలా ఉన్నావని అడగడు. "మామా, ఇయ్యాల ఎన్ని?" అంటాడు.

పోయిన వారం బాపు కాసేపు ఆగి, "లెక్క మర్చిపోయినరా" అన్నాడు. బావ ఏమీ అనలేదు, కళ్లు తుడుచుకున్నాడు. పక్కన కూర్చున్న మేనత్త ఫోన్ లాక్కుని, ఇంటికొచ్చిన పక్కింటామెకి చూపించింది. "మావోడే. మిల్ట్రీల మనుషులను నడిపిస్తడు."