రిచీ వీధిలో ఒక శనివారం

చెన్నపట్నానికి వచ్చిపోయే మనవారిలో చాలామంది మౌంట్ రోడ్డు మీద తిరుగుతారు గాని రిచీ వీధిని చూడరు. ఇప్పుడు అన్నా సాలై అని పిలిచే ఆ రోడ్డు నుండి చింతాద్రిపేట వైపు తిరిగితే నాలుగైదు సందులు అల్లుకొని ఉంటాయి. రిచీ వీధి, నరసింగపురం వీధి, మీరాన్ సాహెబ్ వీధి అని వేర్వేరు పేర్లున్నా జనం నోట అన్నీ రిచీ వీధే. మెట్రో రైలులో వచ్చేవారు గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషనులో దిగి నడిచి రావచ్చును. నా చిన్నతనంలో మా నాన్నగారు రేడియో విడిభాగాల కోసం ఇక్కడికి వచ్చేవారు. నేను ఆయన వేలు పట్టుకొని నడిచేవాడిని. నేటికీ ఆ రేడియో సామాను అమ్మే కొట్లు అక్కడక్కడ ఉన్నవి గాని, వీధి నిండా కంప్యూటర్లు, తీగలు, కెమెరాలు, సెల్‌ఫోను సామానులే.

మొన్న ఒక శనివారం ఉదయం నేనూ నా మేనల్లుడూ ఆ వీధికి వెళ్ళాము. చేతిలో సంఘం సొమ్ము ఉన్నది. మనస్సులో ఒక బరువు కూడా ఉన్నది. ఆ బరువు సంగతి ముందు చెప్పాలి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మన సంఘం కార్యాలయంలోనికి మోకాలి లోతు నీళ్ళు వచ్చిన సంగతి చదువరులకు గుర్తు ఉండే ఉంటుంది. పాత కంప్యూటరు ఆ నీళ్ళలోనే పోయింది. దానికి నేను అంత విచారించలేదు. మన మాసపత్రిక పాత సంచికల బైండు పుస్తకాలలో రెండు క్రింది అరలో ఉండేవి. వాటిని అక్కడ పెట్టినది నేనే. పై అర నిండిపోయింది, తరువాత సర్దుదామని అనుకున్నాను. నీరు తీసిన తరువాత చూస్తే 1961, 1962 సంవత్సరాలు ముద్దగా అంటుకొని పోయినవి. ఆ రెండవ దానిలో మా నాన్నగారు వ్రాసిన ఒక చిన్న వ్యాసం ఉన్నది. ఆయన వ్రాసినది, అచ్చులో వచ్చినది అదొక్కటే.

అందుచేత మిగిలిన సంచికలన్నిటినీ స్కానరు మీద ఎక్కించి, అక్షరాలను గుర్తించే ప్రోగ్రాముతో చదివించి, శాశ్వతంగా దాచవలెనని కార్యవర్గం తీర్మానించినది. పత్రిక పేజీలు కూర్చడానికి ఎటూ కంప్యూటరు కావాలి. చందాదారులు తలా కొంచెం వేశారు. ఒక పెద్దమ్మగారు తన పింఛనులో నుండి ఇచ్చారు. "నాయనా, మంచిది కొను. మళ్ళీ అడగవద్దు" అన్నారు. గుమాస్తా పనిలో ఇరవై ఏండ్లుగా ఇతరుల డబ్బుకు లెక్కలు వ్రాస్తున్నాను గాని ఆ మాట అన్నంత బరువుగా ఏ వోచరూ తోచలేదు.

దారిలోనే మేనల్లుడు తన అభిప్రాయం చెప్పేశాడు. "మామయ్యా, మామూలు డెస్కుటాపు ప్రాసెసరు వద్దు. సర్వరు ప్రాసెసరు తీసుకుందాము. పాతవి చవకగా దొరుకుతాయి."

ప్రాసెసరు అంటే కంప్యూటరుకు లెక్కచేసే బుర్ర. ఇళ్ళలోనూ ఆఫీసు బల్లల మీదనూ ఉండే యంత్రాలకు ఒక రకం, బ్యాంకులకూ రైల్వే టిక్కెట్లకూ రాత్రింబవళ్ళు వేలమందికి ఒక్కసారి జవాబు చెప్పే సర్వర్లకు మరొక రకం తయారుచేస్తారు. ఇంటెల్ కంపెనీవారు సర్వర్ల కోసం 1998 నుండి జియాన్ అనే పేరుతో వీటిని అమ్ముతున్నారు. పెద్ద కంపెనీలు కొన్ని సంవత్సరాలు వాడి యంత్రాలు మార్చినప్పుడు ఆ పాత జియాన్లు బజారుకు వస్తాయి.

మొదటి కొట్టులో మేనల్లుడు కోరినదే చూపించారు. జియాన్ ఇ5-2680 వి4, 2016లో వచ్చినది. దానిలో 14 కోర్లు, అనగా పద్నాలుగు బుర్రలు ఒక్క డబ్బాలో ఇమిడి ఉన్నవి. ఆ పక్క కొట్టులో కొత్త డెస్కుటాపు ప్రాసెసరు చూపించారు. కోర్ ఐ5-12400, 2022లో వచ్చినది. దానికి 6 కోర్లు. జియాను ధర దీని ధరలో సగం కూడా లేదు.

"చూశారా మామయ్యా? 14కు 6. పైగా చవక" అన్నాడు మేనల్లుడు.

నాకు నోట మాట రాలేదు. వంకాయలైనా ప్రాసెసర్లైనా తక్కువ ధరకు ఎక్కువ వస్తుంటే కాదనడానికి గుమాస్తాకు ఏ కారణం కనబడుతుంది? అంతలో వాడు రెండవ బాణం వేశాడు. సర్వరు ప్రాసెసరుకు ఇసిసి అనే జాతి మెమొరీ పెట్టవచ్చునట. 64 బిట్లకు తోడు 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్టు తప్పితే అదే దిద్దుతుంది. రెండు తప్పితే దిద్దలేదు గాని తప్పు జరిగిందని చెప్పుతుంది. ప్రూఫులు దిద్దేవాడికి ఇంతకన్న తియ్యని మాట ఉంటుందా? మన లిపిలో ఒక్క సున్న ఎక్కువైతే 'పది' కాస్తా 'పంది' అవుతుంది. ఒకసారి మన వార్షికోత్సవ వార్తలో 'పదిమంది పెద్దలు' ఏమైనదో పాత చందాదారులు మరచి ఉండరు.

దాదాపు బయానా ఇచ్చేవాడినే. కాని కొట్టువాడు మొత్తం సామానుకు చీటీ వ్రాసి ఇచ్చేసరికి కథ మారింది. ఆ జియానుకు మామూలు మదర్‌బోర్డు సరిపోదు. దానికి సరిపడే బోర్డు వేరుగా కొనాలి. అది పేరు తెలియని కంపెనీది. తెర మీద బొమ్మ చూపించే భాగం ఆ ప్రాసెసరులో లేదు గనుక గ్రాఫిక్స్ కార్డు ఒకటి. వేడి ఎక్కువ గనుక పెద్ద ఫ్యాను ఒకటి. అన్నీ కూడి చివరకు రెండు చీటీల మధ్య తేడా పదింట ఒక వంతు కూడా లేకపోయింది. పెండ్లిచూపులలో కట్నం వద్దని చెప్పి లాంఛనాల జాబితా చదివినట్లున్నది.

ఇద్దరమూ వీధి చివర కాఫీ త్రాగడానికి నిలిచాము. చీటీ వెనుక నేను లెక్క వేశాను. పత్రిక రమారమి 60 సంవత్సరాలది. ఏడాదికి 12 సంచికలు, సంచికకు 32 పేజీలు. మొత్తం 23,040 పేజీలు. పెళుసు కాగితాన్ని చేతితో తిప్పి స్కానరు మీద పరచడానికి పేజీకి ఒక నిమిషం వేసుకున్నా 384 గంటలు. శని ఆదివారాలలో వారానికి 8 గంటలు కూర్చుంటే 48 వారాలు. అనగా ఇంచుమించు ఒక సంవత్సరం.

"ఇక అక్షరాలు గుర్తించే పని చూడు" అన్నాను. "ఒక కోరు ఒక పేజీకి పది సెకన్లు తీసుకుంటే ఎంత?"

"64 గంటలు" అన్నాడు వాడు కళ్ళు మూసుకొని.

"ఆరు కోర్లు పంచుకుంటే?"

"పదకొండు గంటల లోపల."

"నీ పద్నాలుగు?"

వాడు కొంచెం తటపటాయించాడు. "అవి ఒక్కొక్కటి కొంచెం నిదానం. ఆరు గంటలు అనుకోండి."

ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఒక సంవత్సరం పనిలో ఒక పూట ఆదా! పేజీ తిప్పే చేయి ఒక్కటే ఉన్నప్పుడు వెనుక ఎన్ని బుర్రలు కూర్చుంటే ఏమి?

అక్కడినుండి ఒక మరమ్మతు కొట్టుకు వెళ్ళాము. తలనెరిసిన పెద్దాయన ఒకరు కంటికి భూతద్దం పెట్టుకొని పని చేస్తున్నారు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని తల ఎత్తారు. "తెలుగువారా? మాదీ ఇంట్లో తెలుగే. పెరంబూరు" అన్నారు. స్టూలు ఒకటి జరిపి కూర్చోమన్నారు. సంగతి అంతా చెప్పాము.

ఆయన జియానును తీసిపారవేయలేదు. "అది మంచి వస్తువే బాబూ. ఒక బోర్డు మీద రెండింటిని కూర్చోబెట్టవచ్చు. మెమొరీకి నాలుగు దారులు ఉంటాయి, దీనికి రెండే. యాభైమంది ఒకే యంత్రం మీద పనిచేసే చోట, రాత్రీ పగలూ ఆపకూడని చోట దానికి సాటి లేదు. మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు?"

"ఒక్కరు. నేనే."

"పేజీలు కూర్చేటప్పుడు పని అంతా ఒకటి రెండు కోర్ల మీదనే పడుతుంది. అప్పుడు ఎన్ని ఉన్నవని కాదు, ఒకటి ఎంత చురుకు అని చూడాలి. దాని పై వేగం 3.3 గిగాహెర్ట్జులు. దీనిది 4.4. కొత్తది గనుక ఒక్కొక్క అడుగులో ఎక్కువ పని కూడా చేస్తుంది. వేడి చూస్తే అది 120 వాట్లు, ఇది 65."

ఈ వాట్లు సరిగా కరెంటు మీటరు లెక్క కావని, చల్లార్చవలసిన వేడి లెక్క అని ఆయనే చెప్పారు. అయినా ఉజ్జాయింపుకు పనికివస్తుంది. తేడా 55 వాట్లు. రోజుకు 8 గంటలు పూర్తి బరువుతో నడిస్తే నెలలో 25 రోజులకు 11 యూనిట్లు. సంఘం బిల్లు కట్టేవాడికి అది చిన్న సంగతి కాదు.

మేనల్లుడు ఇసిసి మాట ఎత్తాడు. పెద్దాయన నవ్వారు. "అది మెమొరీలో ఉన్నంతసేపు కాపాడుతుంది. స్కానరు తప్పు చదివితే తప్పునే భద్రంగా ఉంచుతుంది. నీళ్ళు వస్తే అదీ మునుగుతుంది. మీ పుస్తకాలు పోయినది బిట్టు తప్పి కాదు గదా. రెండవ ప్రతి లేక."

నాకు గుండెలో చురుక్కుమన్నది.

"ఇంకొక మాట" అన్నారాయన. "ఈ అబ్బాయి రేపు ఉద్యోగానికి వేరే ఊరు పోతాడు. అప్పుడు చెడితే ఎవరు చూస్తారు? దీనికి ఈ వీధిలో ఏ కొట్టులోనైనా బోర్డు దొరుకుతుంది. డబ్బాతో కొంటే కంపెనీ హామీ మూడేండ్లు ఉంటుంది. మైక్రోసాఫ్టువారు విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించారు. విండోస్ 11కు ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో మీ పాత జియాను లేదు."

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "సరే మామయ్యా, ఐ5 తీసుకోండి. నేను పని చూడకుండా కోర్లు లెక్కపెట్టాను" అన్నాడు. చదువుకున్న కుర్రవాడు అంత తేలికగా ఒప్పుకోవడం చూసి నాకు ముచ్చట వేసింది.

కొనేముందు పెద్దాయన ఒక హెచ్చరిక చేశారు. 12400 అనే అంకె పక్కన ఎఫ్ అనే అక్షరం ఉంటే దానిలోనూ తెరకు బొమ్మ చూపించే భాగం ఉండదు. కొంచెం చవక అని అది తెచ్చుకొని, తెర నల్లగా ఉన్నదని మళ్ళీ వచ్చేవారు ఉన్నారట. ఒక్క అక్షరం విలువ ఇక్కడ కూడా అంతే! డబ్బా మీద అక్షరం అక్షరం చదివి తీసుకున్నాము. గ్రాఫిక్స్ కార్డు ఖర్చు తప్పింది గనుక ఆ సొమ్ముతో విడి డిస్కులు రెండు కొన్నాము. ఒకటి సంఘంలో పై అరలో ఉంటుంది. రెండవది బెంగుళూరులో మా చెల్లెలి ఇంటిలో. ఈ ఊరు మునిగినా ఆ ఊరు మునగదు గదా.

సామాను ఆటోలో పెట్టుకొని చింతాద్రిపేట గుండా వచ్చాము. ఈ పేట కూవం నది వంపులో 1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్ నేతవారి కోసం ఏర్పరచినది. అంతకుముందు ఈ చోట సుంకురామ అనే వర్తకుని తోట ఉండేది. తమిళంలో 'తఱి' అంటే మగ్గం. చిన్న తఱి పేట్టై, చిన్న మగ్గాల పేట, అదే వాడుకలో చింతాద్రిపేట అయినదని చెప్పుతారు. మేనల్లుడికి ఆ మాట చెప్పి, "ఇంటిలో పద్నాలుగు మగ్గాలు ఉన్నా ఆసు పోసేది ఒక్కతే అయితే పన్నెండు ఖాళీగానే ఉంటాయిరా" అన్నాను. వాడు నవ్వి, "కంప్యూటరులో కూడా ఒక్కొక్క పనిని థ్రెడ్డు అనే అంటారు మామయ్యా, అనగా పోగు" అన్నాడు. ఆ ముక్క నాకు అంతవరకు తెలియదు.

ఆదివారం యంత్రం అమర్చాము. మొదటి పేజీ తెర మీదికి వచ్చినప్పుడు పింఛను ఇచ్చిన పెద్దమ్మగారిని పిలిపించి చూపించాము. ఆవిడ అద్దాలు సవరించుకొని, తన పెండ్లి నాటి సంచిక ఎప్పుడు వస్తుందని అడిగారు. "నలభై ఎనిమిది వారాలు పడుతుంది అమ్మా" అన్నాను. "అయితే నాది ముందు తీయి" అన్నారు. ఆవిడదే ముందు తీశాము.

చివరగా చదువరులకు ఒక మనవి. యానాంలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో, ఎక్కడ ఉన్నా సరే, మీ అటక మీద మన పత్రిక 1961, 1962 సంచికలు ఏవైనా ఉంటే దయచేసి ఒక కార్డు ముక్క వ్రాయండి. తపాలా ఖర్చు మేమే పెట్టుకుంటాము. చేతులు శుభ్రంగా కడుక్కొని ఒక్కొక్క పేజీ తిప్పుతాము. స్కాను చేసిన వెంటనే మీ పుస్తకం మీకు భద్రంగా చేరుతుంది. ఈసారి క్రింది అరలో పెట్టను.