సిరొంచలో కబడ్డీ లెక్క

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలను దర్శించుకుని గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర వచ్చేస్తుంది. దుకాణాల మీద బోర్డులు మరాఠీలోకి మారతాయి. మాటలు మాత్రం మారవు. "యాడికి పోవాలె సారూ?" అని పలకరించే ఆటోవాలా, "గీ చిక్కుడుకాయ ఎట్లిచ్చినవ్?" అని బేరమాడే అమ్మ, ఇద్దరూ మహారాష్ట్ర పౌరులే. ఇదే సిరొంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణాన చిట్టచివరి తాలూకా కేంద్రం. ప్రాణహిత గోదావరిలో కలిసేది ఇక్కడే. ఇంకొంచెం కిందికి వెళితే సోమనూరు దగ్గర ఇంద్రావతి కూడా వచ్చి చేరుతుంది.

1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషువారికి పోయిన ఈ ప్రాంతం ఆ తరువాత చాందా జిల్లాలో చేరింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి కొత్త జిల్లా అయ్యాక అందులోకి వచ్చింది. ఇన్ని చేతులు మారినా ఇళ్ళలో తెలుగు మాత్రం కదలలేదు. జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పుణె, ముంబయిల సంగతి చెప్పనక్కరలేదు. హైదరాబాదు వాటికంటే ఎంతో దగ్గర.

గుళ్ళూ నదులూ చూడడానికి వెళ్ళిన నాకు సాయంత్రం పూట ఒక బడి ఆవరణలో కబడ్డీ కనిపించింది. సున్నంతో గీతలు గీశారు. ఆడేవాళ్ళు పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు. కూత మరాఠీవాళ్ళ పద్ధతిలో "కబడ్డీ కబడ్డీ" అనే. తిట్లు, అరుపులు, సలహాలు మాత్రం అచ్చ తెలుగు. (మన పెద్దవాళ్ళు దీన్ని చెడుగుడు అనేవారు. మరాఠీ వాళ్ళకు ఇది ఒకప్పుడు హుతుతు.) గోడ వారగా ఒక కుర్రాడు నోటుపుస్తకంలో లెక్క రాస్తున్నాడు. ఆటగాళ్ళ పేర్లు దేవనాగరి లిపిలో ఉన్నాయి. ఒక్కొక్క పేరు ఎదురుగా గీతలు. అన్నిటికీ కింద పేరు లేని ఒక వరుస, దాంట్లోనూ గీతలే.

"ఇదెవరిది తమ్ముడూ?" అని అడిగాను.

"గది లోనా సారూ. ఎవల పేరు మీద పడది. టీముకే."

ఆ కుర్రాడి మాట నన్ను చాలాసేపు వదలలేదు. విదేశాల్లో ఉండే మన పిల్లలకు బాస్కెట్‌బాల్ పట్టికలు బాగా తెలుసు. ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎన్ని రీబౌండ్లు, ఎన్ని అసిస్టులు అని వరుసగా ఉంటుంది. ఆ ఆటలో ఆటగాళ్ళ పాయింట్లన్నీ కూడితే జట్టు మొత్తం సరిగ్గా వస్తుంది. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒక్కడే 100 పాయింట్లు చేసిన మ్యాచి ఉంది కదా, అందులో అతని జట్టు మొత్తం 169. మిగిలిన 69 పాయింట్లలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది.

కబడ్డీలో అలా కుదరదు. ఎదుటి జట్టులోని ఏడుగురూ అవుటయితే, ఆ పని చేసిన జట్టుకు అదనంగా రెండు పాయింట్లు ఇస్తారు. అదే లోనా. టీవీ భాషలో ఆలౌట్. చివరి మనిషిని పట్టినవాడికి పట్టు పాయింటు వస్తుంది గాని, ఆ రెండూ మాత్రం అతని ఖాతాలో పడవు. అంతకు ముందు ఆరుగురిని ఎవరెవరో అవుట్ చేశారు కదా! పట్టు సంగతీ ఇంచుమించు అంతే. మూలన ఉన్నవాడు చీలమండ అందుకుంటాడు, ఇద్దరు మీద పడతారు, ఒకడు గీత దగ్గర అడ్డం నిలుస్తాడు. పట్టికలో మాత్రం పాయింటు ఒక్కరికే.

ప్రొ కబడ్డీ లీగు పదో సీజను లెక్కలు చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మన తెలుగు టైటాన్స్ 2023లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అతను డబ్బుకు అన్యాయం చేయలేదు. ఆ సీజనులో 202 రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు 22 మ్యాచుల్లో గెలిచినవి రెండే. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. పుణేరి పల్టన్‌కు అలా ఒక్కడి మీద భారం లేదు. అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే కూతకు వంతులు పంచుకున్నారు. ఇరాన్ నుంచి వచ్చిన మొహమ్మద్‌రెజా షాద్లూయి పట్టుల్లో 99 పాయింట్లు సాధించాడు. 2024 మార్చి 1న హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో పుణె 28, హర్యానా స్టీలర్స్ 25. ఆ 28లో పంకజ్ మోహితేవి 9. అందులోనూ నాలుగు ఒక్క కూతలోనే తెచ్చాడు. మిగతా 19 తలా కాస్త, కొన్ని ఎవరివీ కానివి.

పుణె జట్టు మొదటిసారి కప్పు గెలవడం, అదీ మన హైదరాబాదులో! సిరొంచ వాళ్ళు ఎవరి వైపు చప్పట్లు కొట్టి ఉంటారు? టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను ఆ మాటే అడిగాను.

"తాతా, మీది ఏ టీము? టైటాన్సా, పుణెనా?"

ఆయన గ్లాసు పక్కన పెట్టి, "రెండూ మావే బిడ్డా. ఓడినోళ్ళూ మావోళ్ళే, గెలిచినోళ్ళూ మావోళ్ళే. గా సర్కారోళ్ళే మమ్ముల ఎవల లెక్కల రాయాల్నో తెల్వక తిరుగుతరు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గాని అందులో పుల్ల విరుపు ఉంది. ఇక్కడి పిల్లల బడి చదువులో, ఆఫీసు కాగితాల్లో పెద్దపీట మరాఠీదే. ఆడపిల్లలను చెన్నూరు, మంచిర్యాల వైపు ఇస్తారు. పండుగ మాటలు, పెళ్ళి మాటలు తెలుగులో నడుస్తాయి. 2019లో మేడిగడ్డ బరాజు ప్రారంభమైంది. నీళ్ళు అవతలి రాష్ట్రం లెక్కలో చేరాయి. వరదకు పొలాలు మునిగాయంటూ పరిహారం కోసం ఇవతల సిరొంచ రైతులు ఆందోళనలు చేశారు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడు మాత్రం రెండు ఒడ్డుల వాళ్ళూ ఒకే నీళ్ళలో మునిగారు. ఆ పన్నెండు రోజులూ ఎవరు ఏ రాష్ట్రం అని అడిగిన నాథుడు ఉండి ఉండడు.

ప్రయాణం పెట్టుకునే వారికి ఒక మాట. చలికాలమే మంచిది, వేసవిలో ఇక్కడి ఎండలు మన పిల్లలు తట్టుకోలేరు. ఉదయం కాళేశ్వరం, మధ్యాహ్నం సోమనూరు సంగమం చూసుకుని, నాలుగున్నర కల్లా ఊళ్ళోకి వచ్చేయండి. నేను చూసిన మైదానంలో దీపాలు లేవు. గీత కనిపించినంత సేపే ఆట. పిల్లల్ని లెక్క రాసే కుర్రాడి పక్కన కూర్చోబెట్టండి, ఆ కింది వరుస ఏమిటో వాడే చెబుతాడు.