పియోరియాలో పిచర్ల బడి

ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి అమెరికా బేస్‌బాల్ జట్లలో బ్యాటర్లు చాలామంది ఇంకా ఇళ్లలోనే ఉంటారు. శిబిరానికి అందరికంటే ముందు రావలసింది పిచర్లు, వాళ్ల బంతులు పట్టే క్యాచర్లు. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో సగం ఫ్లోరిడాకీ, సగం అరిజోనాకీ చేరతాయి. సియాటిల్ మారినర్స్ మకాం ఫీనిక్స్ పక్కనున్న పియోరియాలో. 1990ల నుంచి శాన్ డియేగో పాడ్రేస్, వీళ్లూ ఒకే ప్రాంగణాన్ని చెరిసగం పంచుకుంటున్నారు.

చాండ్లర్‌లో ఉంటున్న మా మరదలి కొడుకు మారినర్స్ వీరాభిమాని. "మ్యాచ్ ఎప్పుడైనా చూడొచ్చు పెదనాన్నా, ముందు వీళ్ల సాధన చూడండి" అంటూ పొద్దున్నే కారెక్కించాడు. నాకూ అదే కావాలి. 2024లో మారినర్స్ స్టార్టింగ్ పిచర్లు (మ్యాచ్ మొదలుపెట్టేవాళ్లు) ఇచ్చిన పరుగుల సగటు మొత్తం లీగ్‌లోనే అతి తక్కువ. వాళ్లలో ముఖ్యమైన ఐదుగురిలో నలుగురు ఈ జట్టే డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) ఎంచుకుని పెంచుకున్నవాళ్లు. లూయిస్ కాస్టియో ఒక్కడినే 2022లో నలుగురు కుర్ర ఆటగాళ్లను ఇచ్చి సిన్సినాటి నుంచి తెచ్చుకున్నారు. అంత సరుకుండీ ఆ ఏడాది ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్స్‌కి దూరమయ్యారు. పరుగులు చెయ్యలేకపోయారు, అది వేరే కథ. పిచర్లను తయారుచేసే పద్ధతి మాత్రం చూసి తీరాలనిపించింది.

ప్రధాన స్టేడియం వెనక సాధన మైదానాలున్నాయి. వాటి పక్కన వరసగా మట్టి దిబ్బలు, ఒక్కొక్కటీ పది అంగుళాల ఎత్తు. అక్కడి నుంచి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో 17 అంగుళాల వెడల్పున్న ప్లేటు. దిబ్బ మీద పిచర్, ప్లేటు వెనక గొంతుకూర్చున్న క్యాచర్. క్రికెట్ చూసి పెరిగిన కంటికి ముందు తట్టేది పరుగు లేకపోవడం. నిలబడ్డ చోటి నుంచే ఒక్క కాలు ఎత్తి, ఒళ్లంతా మెలితిప్పి గంటకు 95 మైళ్లతో, అంటే సుమారు 153 కిలోమీటర్ల వేగంతో విసురుతారు. బంతి నేలను తాకదు. చెయ్యవలసిన మాయంతా గాలిలోనే.

కంచె దగ్గర నా పక్కన నిలబడ్డ పెద్దాయన హైస్కూలు పిల్లలకు చాలా ఏళ్లు కోచింగ్ ఇచ్చి రిటైరయ్యారట. మాది ఇండియా అన్నాను. రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఆయనకి గుర్తున్నారు. 2008లో ఒక టీవీ పోటీలో ముందు నిలిచి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు. ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరేవాళ్లు. చిన్న లీగుల దాకా వెళ్లారు, పైకి చేరలేదు. "చేతిలో బలం దొరుకుతుంది. దాన్ని ఎక్కడ పడెయ్యాలో నేర్పడానికే ఏళ్లు పడుతుంది" అన్నారాయన.

మారినర్స్ నేర్పే మొదటి పాఠం కూడా అదే: బంతిని స్ట్రయిక్ జోన్‌లో, అంటే ప్లేటు మీదుగా బ్యాటర్ మోకాళ్లకీ ఛాతీకీ నడుమ వెయ్యడం. వినడానికి ఇంత చిన్న మాటే. కానీ 95 మైళ్ల బంతి వెయ్యగల కుర్రాడికి కూడా బ్యాటర్ అంటే భయం పోదు. మూలల కోసం వెతుక్కుంటాడు, గురి తప్పుతుంది, నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కి నడిచిపోతాడు (దాన్నే వాక్ అంటారు). ఇక్కడ ఆ భయాన్నే ముందు తీసేస్తారు. నీ బంతి మంచిదే, మధ్యలోకి వెయ్యి, దాన్ని కొట్టడం బ్యాటర్‌కి తేలికేమీ కాదు అంటారు. వీళ్ల జార్జ్ కర్బీ 2023లో 190 పైచిలుకు ఇన్నింగ్స్ వేసి 19 వాక్‌లే ఇచ్చాడు. నా దృష్టిలో వేగం లెక్కలన్నిటికంటే ఈ అంకె గొప్పది.

రెండో పాఠం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. ప్రతి దిబ్బ దగ్గరా బంతి వేగాన్నీ, తిరుగుడునీ, అది ఎన్ని అంగుళాలు పక్కకి జరిగిందో కొలిచే పరికరం ఉంది. వేళ్లు బంతిని వదిలే క్షణాన్ని సాగదీసి చూపించే కెమెరా ఉంది. ఒక కుర్రాడు బంతి వేస్తాడు, కోచ్ చేతిలోని ట్యాబ్ వైపు చూస్తాడు, చూపుడు వేలిని కుట్టు మీద ఇంకాస్త జరుపుతాడు, మళ్లీ వేస్తాడు. అతను నేర్చుకుంటున్నది స్ప్లిటర్. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ బంతిని వెడల్పుగా ఇరికించి, ఫాస్ట్‌బాల్ వేసినంత ఊపుతోనే విసరాలి. తిరుగుడు తగ్గుతుంది కాబట్టి ప్లేటు దగ్గరికొచ్చాక బంతి కిందికి జారిపోతుంది. బ్యాటర్ చెయ్యి అప్పటికే ఊగిపోయి ఉంటుంది.

అందరికీ స్ప్లిటర్ ఎందుకు నేర్పరని అడిగాను. పెద్దాయన తన ముంజేతిని తలుపు పిడి తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూపించారు. కొందరి చెయ్యి సహజంగా ఒక వైపే బాగా తిరుగుతుంది. వాళ్లకి పక్కకి జారే స్లైడర్ తొందరగా వస్తుంది, వేగం తగ్గించి వేసే చేంజప్ ఎంత కష్టపడ్డా రాదు. అలాంటివాళ్లకి మణికట్టు తిప్పనక్కర్లేని స్ప్లిటర్ ఇస్తారు. వేళ్లు పొట్టివైతే ఇంకేదో వెతుకుతారు. ఇక్కడి పిచర్లలో లోగన్ గిల్బర్ట్ 2023లో, బ్రైస్ మిల్లర్ 2024లో ఈ బంతిని తమ సంచిలో వేసుకున్నారు. 2024లో లీగ్ మొత్తం మీద అత్యధిక ఇన్నింగ్స్ వేసింది గిల్బర్టే. ఎవరి చేతికి ఏది నప్పుతుందో కనిపెట్టడమే ఇక్కడి కోచ్‌ల అసలు పని. ఒకే అచ్చులో పోసి అందరినీ తియ్యరు.

అయితే ఈ ఎడారి గాలి మోసం చేస్తుందట. గాలి పొడి, పైగా ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగుల పైన ఉంది. వంపు తిరగాల్సిన బంతి ఇక్కడ అంతగా తిరగదు. అందుకే శిబిరంలో ఆడే మార్చి మ్యాచ్‌ల్లో దెబ్బలు తిన్న కుర్రాడిని తొందరపడి తీసిపారెయ్యరు.

నన్ను బాధపెట్టిన సంగతి ఒకటుంది. లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో 91 మైళ్ల పైచిలుకు ఉండేది, 2024కి 94 దాటింది. దాంతోపాటు మోచేతి గాయాలూ పెరిగాయి. వేగం కోసం, వంపు కోసం ప్రతి బంతికీ సర్వశక్తులూ పెట్టడమే ముఖ్య కారణమని 2024 డిసెంబర్‌లో లీగ్ నివేదికే చెప్పింది. మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో వేరే చోటి స్నాయువు కుట్టే శస్త్రచికిత్సను డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి మొదటిసారి చేశారు. ఇప్పుడు కాలేజీ కుర్రాళ్లకి, ఇంకా చిన్నవాళ్లకి కూడా అది మామూలైపోయింది. అలా మామూలు కావడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంత జాగ్రత్తగా ఉండే మారినర్స్‌లోనూ 2025లో కర్బీ, గిల్బర్ట్, మిల్లర్ ముగ్గురూ గాయాల జాబితాకెక్కారు.

దిబ్బల మీద ఆ రోజు వెయ్యవలసిన బంతుల లెక్క పూర్తికాగానే కోచ్ చెయ్యెత్తాడు. స్ప్లిటర్ కుర్రాడు ఇంకో రెండు వేస్తానన్నట్టు వేళ్లు చూపించాడు. కోచ్ తల అడ్డంగా ఊపి బంతి తీసేసుకున్నాడు. ఆ ఒక్క పనికే ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

వెళదామనుకుంటుంటే పెద్దాయన దూరంగా గడ్డి మీదున్న ఇద్దరిని చూపించారు. ఫిజియో పక్కన నిలబడి గడియారం చూస్తుంటే, వాళ్లు తక్కువ దూరంలో మెల్లగా బంతి విసురుకుంటున్నారు. శస్త్రచికిత్సల నుంచి కోలుకునేవాళ్లు అలా మొదలుపెడతారు. దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి దిబ్బ ఎక్కేసరికి నెలలు పడుతుంది.

మారినర్స్ పిచర్ బ్రయన్ వూ కథ మా వాడు అందుకున్నాడు. 2021లో మోచేతికి కోత పడ్డ ఏడాదే, కాలేజీ గణాంకాలు ఏమంత బాగాలేకున్నా, డ్రాఫ్ట్ ఆరో రౌండ్‌లో అతన్ని తీసుకున్నారు. 2025లో ఆల్‌స్టార్ అయ్యాడు. "ఆండ్రేస్ మున్యోజ్‌ని మర్చిపోకు" అన్నారు పెద్దాయన. 2020లో మోచేతి శస్త్రచికిత్స అయి, బంతి పట్టే స్థితిలో లేనప్పుడు అతన్ని వేరే జట్టు నుంచి తెచ్చుకున్నారు. ఇప్పుడు మ్యాచ్ చివరి ఇన్నింగ్స్ కాచేది అతనే.

ఏ జట్టు వదులుకుందని అడిగాను.

ఆయన పార్కింగ్‌కి అవతలనున్న మైదానాల వైపు బొటనవేలు చూపించారు. పాడ్రేస్.

"అయితే అటు కూడా పోదాం పెదనాన్నా, వాళ్ల దిబ్బల మీద ఎవరున్నారో చూద్దాం" అన్నాడు మా వాడు.