దారం లాంటి ధార

‘నీళ్లాగిపోయాయర్రా!’

ఆ కేక వినగానే కునుకు తీస్తున్నదాన్ని గబుక్కున లేచి బిందె కోసం వెతికాను. చిన్నప్పటి అలవాటు, ఎక్కడికి పోతుంది! తర్వాత గుర్తొచ్చింది... మేమున్నది మా ఊళ్లో కాదు. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున, ఏడువేల అడుగుల ఎత్తులో. అదీ ఓ అద్దె బండిలో. కేకేసింది మా అమ్మ. తలనిండా షాంపూ నురగతో, సగం స్నానంలో ఉంది.

నిరుడు ఏప్రిల్ సంగతిది. అక్కా బావా ఉండేది ఫీనిక్స్‌లో. అమ్మానాన్నా మూడు నెలలుగా అక్కడే ఉన్నారు. నేను మూడు వారాలు సెలవు పెట్టి వెళ్లాను. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యి ఆర్నెల్లే అయింది, ఎక్కువ దూరం నడవలేదు. అందుకని బావ మోటార్ హోమ్ అద్దెకి తీసుకున్నాడు. అంటే చక్రాల మీద ఇల్లన్నమాట. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. ‘అత్తయ్యా, మీ బాత్రూమ్ మీ వెంటే వస్తుంది’ అని బావ ఊరించి మరీ తీసుకొచ్చాడు. ఆ బాత్రూమే ఇప్పుడు మొరాయించింది.

ఈ బండ్లలో నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి బండి అడుగున ఉండే ట్యాంకు. మాదాన్లో 150 లీటర్లు పడతాయి. కుళాయి తిప్పగానే 12 వోల్టుల చిన్న మోటారు దడదడమంటూ ఆ నీళ్లని తోస్తుంది. కట్టేస్తే అదే ఆగిపోతుంది. రెండోది, బండి నిలిపేచోట బయట కుళాయి ఉంటే దానికి గొట్టం తగిలించుకోవడం. అప్పుడు మోటారుతో పనిలేదు. మొదటి రాత్రి మేమున్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో అలా తగిలించుకునే ఏర్పాటు లేదు. ట్యాంకు నీళ్లతోనే గడిపాం. మర్నాడు ఆ పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌కి మారాం. అక్కడ బండి బండికీ కరెంటు, కుళాయి ఉంటాయి. ‘ఇంక నీళ్లకి కరువు లేదు’ అని అమ్మ తలస్నానానికి దిగింది.

తాగేందుకు కొన్న సీసాల నీళ్లు అక్క వేడిచేసి ఎలాగో అమ్మ తల కడిగింది. ఇంకో మూడు రోజులు అక్కడే ఉండాలి. ఉమ్మడి స్నానాల గదులు ఉన్నాయిగానీ, ఆ మోకాలితో అంతదూరం అమ్మ వల్ల కాదు.

బావ రంగంలోకి దిగాడు. షవర్ ఊడదీసి గుండుసూదితో పొడిచాడు. వంటగది కుళాయి మూతిది విప్పి ఊదాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. బండి అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. ఎన్ని చేసినా ఏ కుళాయి తిప్పినా దారం లాంటి ధారే!

ఇంత జరుగుతుంటే మా నాన్న బయట మడతకుర్చీలో కూర్చుని పైన్ చెట్లని చూస్తున్నాడు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా నాన్న ముప్పై నాలుగేళ్లు మున్సిపాలిటీ నీళ్ల విభాగంలో ఫిట్టరు. మా వీధిలో పైపు పగిలితే అర్ధరాత్రయినా మా తలుపే కొట్టేవాళ్లు. పానా పట్టుకుని, లుంగీ ఎగ్గట్టి మోకాల్లోతు గుంటలో దిగిన నాన్నని మా స్కూలు పిల్లలంతా చూసేవాళ్లు. నాకు సిగ్గుగా ఉండేది. తొమ్మిదో తరగతిలో ఏదో దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ‘ప్రభుత్వోద్యోగి’ అని రాశాను. అబద్ధమేం కాదు. నాన్న దాన్ని చదివాడు. నా మొహంకేసి ఒకసారి చూసి, సంతకం పెట్టి ఇచ్చేశాడు. అంతే. ఆ కాగితం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్క వాళ్లింట్లోనూ అదే వరస. బావ చాలా మంచివాడు. కానీ స్నేహితులొస్తే ‘మా మావయ్యగారు వాటర్ వర్క్స్‌లో చేసి రిటైరయ్యారు’ అంటాడు. ఏం చేశారో చెప్పడు. ఓ రోజు వంటింటి కుళాయి కారుతోందని నాన్న పానా తీస్తే, ‘అయ్యో, మీరెందుకు మావయ్యా, ప్లంబర్‌ని పిలుద్దాం’ అన్నాడు. గౌరవం కొద్దీ అన్నమాటే. నాన్న పానా యథాస్థానంలో పెట్టేశాడు. ఆ తర్వాత ఇక దేన్నీ ముట్టుకోలేదు.

నేనే వెళ్లి, ‘నాన్నా, నువ్వొకసారి చూడకూడదూ?’ అన్నాను.

‘అల్లుడు చూస్తున్నాడుగా’ అన్నాడు. కాసేపాగి, ‘నిన్న బాగానే వచ్చాయి కదమ్మా నీళ్లు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?’ అన్నాడు.

అంటే, అప్పటిదాకా కూర్చుని ఆలోచిస్తున్నది అదే!

లేచి వచ్చి బయటి కుళాయి కట్టేయించాడు. బండిలోని మోటారు స్విచ్చి వేయమన్నాడు. ట్యాంకులో నిన్నటి నీళ్లు పావువంతు మిగిలాయి. షవర్ తిప్పితే... నిన్నటిలాగే భేషుగ్గా వచ్చాయి. ‘అయితే లోపలి పైపులు, కుళాయిలు, హీటరు అన్నీ బాగున్నట్టే. వాటి జోలికి పోవద్దు’ అన్నాడు. బావ చేతిలో ఇంకా విప్పిన షవర్ ముక్క ఒకటుంది.

తర్వాత గొట్టాన్ని బండి నుంచి ఊడదీసి, ట్యాంకు నింపుకునే మూతలో పెట్టించాడు. బయటి కుళాయి తిప్పితే బుడబుడా పడ్డాయి. ‘కుళాయి బాగుంది, గొట్టం మెలిక పడలేదు, ఈ ఇత్తడి రెగ్యులేటరూ బాగుంది. ఇక మిగిలిందేమిటి?’ అని బావనడిగాడు. పరీక్షలో మాస్టారడిగినట్టు.

బావ ఆలోచించి, ‘గొట్టం బండికి కలిసేచోటు’ అన్నాడు.

‘అదే!’

ఈలోగా పక్క బండి ముసలాయన మా హడావుడి చూసి ఓ ప్రెషర్ గేజీ తెచ్చిచ్చాడు. గొట్టం చివర బిగిస్తే 45 పౌండ్లు చూపించింది. బావ మళ్లీ అయోమయంలో పడ్డాడు. ‘ప్రెషర్ సరిగ్గానే ఉందే, మరి నీళ్లేవి మావయ్యా?’ నాన్న నవ్వాడు. ఆ మూడు వారాల్లో ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. ‘నలభై అయిదంటే మన లెక్కలో మూడు కేజీల పైచిలుకు. పది మీటర్ల ఎత్తుకి ఒక కేజీ. అంటే ముప్పై మీటర్ల ట్యాంకు కింద నిలబడ్డట్టే, మనూళ్లో అంత ఉండదు. కానీ బాబూ, ఇది ఆగి ఉన్న నీటి లెక్క. సందు ఎంత ఇరుకైనా ఒత్తిడి అవతలికి చేరుతుంది. నీళ్లే చేరవు. కుళాయి మూసి ఉన్నంతసేపూ ముల్లు బాగానే ఉంటుంది. తిప్పితే తెలుస్తుంది అసలు రంగు.’ మా వీధిలో ‘ప్రెషర్ ఉంది, నీళ్లు లేవు’ అని పోట్లాడుకున్న రోజులన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

నాన్న ముందు మోటారు కట్టి, లోపలి కుళాయి తిప్పి ఉన్న ఒత్తిడంతా వదిలేశాడు. గొట్టం తగిలించే ముక్కు వెనకాల నీళ్లు వెనక్కి పోకుండా ఎన్నార్వీ ఉంటుందట. ఒత్తిడుండగా దాన్ని పొడిస్తే పాడవుతుందట. అప్పుడు టార్చి వేసి చూస్తే ముక్కులో, రబ్బరు వాషరు వెనక, బొటనవేలి గోరంత జల్లెడ. దాన్ని మెల్లగా లాగాడు. నిండా ఇసుక, సున్నపు పెచ్చులు, ఎప్పటిదో పాత వాషరు తునక. ముందు అద్దెకి తీసుకున్న వాళ్లెవరికీ పట్టనిది మాకు పుణ్యం కొద్దీ దక్కింది.

ఇసుక పాత టూత్‌బ్రష్‌కి పోయింది. సున్నం వదల్లేదు. వెనిగర్ కావాలన్నాడు బావ. బండిలో వెనిగర్ లేదుగానీ అమ్మ సంచిలో చింతపండుంది. పులుసు పిసికి జల్లెడని అరగంట నానబెట్టారు. ‘రేపటి చారుకి మిగల్చండి’ అని అమ్మ గొణిగింది. మళ్లీ బిగించి, షవర్ తిప్పగానే మా అక్క కొడుకు బట్టలతోసహా తడిసి, ‘తాతయ్యా!’ అని గంతులేశాడు. అమ్మ మళ్లీ మొదటినుంచీ తలస్నానం చేసింది.

ఆ రాత్రి నాన్న ఆగకుండా మాట్లాడాడు. ఒక్క కుళాయిలోనే సన్నగా వస్తే దాని మూతి జల్లెడ చూడాలి. వేడినీళ్లే సన్నగా వస్తే హీటరు దగ్గరి వాల్వులు సరిగ్గా తిప్పి ఉన్నాయో లేదో చూడాలి. అన్ని కుళాయిల్లోనూ సన్నగా ఉంటే నీళ్లొచ్చే దారి పట్టుకుని వెనక్కి నడవాలి. ఏ కుళాయీ తిప్పకుండానే మోటారు కాసేపు తిరుగుతూ, కాసేపు ఆగుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్టు. నీళ్లు బాగా రావాలని రెగ్యులేటరు మాత్రం తీసేయొద్దు. బయటి ఒత్తిడి ఎక్కువైతే లోపలి కీళ్లు ఊడతాయి. పక్క బండి ముసలాయన తన ఇత్తడి సామాన్ల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. ఈయనకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. ఒక్కో ముక్కా తీసి, తిప్పి చూసుకుంటూ ఇద్దరూ గంటసేపు కూర్చున్నారు.

మర్నాడు లోయ అంచుకి వెళ్లాం. అందరం రంగులు చూస్తుంటే నాన్న, ‘ఇంత ఎత్తుకి నీళ్లెక్కణ్నుంచి తెస్తున్నార్రా?’ అన్నాడు. బావ ఫోన్లో వెతికి చెప్పాడు. లోయకి అవతల, ఉత్తరపు అంచు కింద రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊటలున్నాయి. 1960ల్లో వేసిన ఇరవై కిలోమీటర్ల పైపులో ఆ నీళ్లు లోయలోకి దిగి, నదిని దాటి, కొంతదూరం వాటంతటవే పైకెక్కుతాయి. అక్కణ్నుంచి పంపులతో ఈ అంచుకి తోస్తారు. ఆ పైపు 2010 నుంచి 85 సార్లకు పైగా పగిలింది. 2024 ఆగస్టు చివర్లోనైతే నాలుగుచోట్ల దెబ్బతిని, ఇక్కడి హోటళ్లలో రాత్రి బసలే కొన్నాళ్లు ఆపేయాల్సొచ్చింది.

నాన్న రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు కిందికి చూశాడు. ‘లీకు కట్టేవాళ్లు అందులోకి ఎలా దిగుతార్రా?’ అన్నాడు.

‘హెలికాప్టర్‌లో కూడా వెళ్తారట మావయ్యా.’

‘పానాలు తీసుకుని?’

‘పానాలు తీసుకునే.’

ఫీనిక్స్ చేరాక బండి అప్పగించేటప్పుడు ఓ కాగితం ఇచ్చారు. ఏవైనా లోపాలుంటే రాయమని. బావ అడ్డగీత కొట్టేయబోతుంటే నాన్న ఆపి, పెన్ను నా చేతికిచ్చాడు. ‘నువ్వు రాయమ్మా. జల్లెడ పూడింది, శుభ్రం చేశాం, వాషరు మార్చాలి అని రాయి. చేసిందెవరో కూడా రాయి.’

నాన్న పేరు రాశాను. పెన్ను ఎత్తకుండా పక్కనే ‘ఫిట్టర్’ అని రాసి, కాగితం ఆయనవైపు తిప్పాను. చదివాడు. నా మొహంకేసి ఒకసారి చూసి, కింద సంతకం పెట్టాడు.

కౌంటర్లో అమ్మాయి అది చదవనైనా చదవకుండా ఫైల్లో పెట్టేసింది. డిపాజిట్ మాత్రం పూర్తిగా వెనక్కొచ్చింది.