నూట ఎనభై గంటల తర్వాత

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చింది. మా నలుగురిలో ఎవరు రాయాలన్న వాదనలోనే వారం గడిచిపోయింది. చివరికి ఎవరి పేరూ వద్దు, 'మేము' అని రాద్దామనుకున్నాం. ఆరో తరగతిలో ఇక్కడ ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకున్న నాటి నుంచి మాకు అదే అలవాటు. రెండో గరిటె కూర అడిగేటప్పుడు కూడా "మాకు" అనే అడిగేవాళ్లం. మా నాలుగు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాం.

డిగ్రీ చదివే తమ్ముళ్లకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి చెప్పనక్కర్లేదు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో అది తప్పనిసరి. రెండో సెమిస్టర్ అయ్యాక ఒక ఊరు ఎంచుకుని 180 గంటలు పనిచేయాలి. సర్వే చేయాలి, లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి. కొన్ని రిపోర్టులు జిరాక్స్ షాపులోనే పుడతాయని అందరికీ తెలుసు. మేము 2022లో అత్తిలి మండలంలోనే ఒక పేటను ఎంచుకున్నాం. ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో ముందుకు చదివితే మీకే అర్థమవుతుంది.

మొదటి రెండు రోజులూ టెక్స్ట్‌బుక్ తెరిచి ఆమ్లాలు, క్షారాలు చెప్పాం. పిల్లలు మర్యాదగా ఆవులించారు. మూడో రోజు పుస్తకం మూసేసి, పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందని అడిగాం. ఆడపిల్లలంతా ఒక్కసారే "పారాణి!" అన్నారు. దాంతో పాఠం మొదలైంది. పసుపు రాసిన కాగితం మీద సబ్బు నీళ్లు వేస్తే ఎర్రబడింది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపైంది. అప్పుడు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు, "మా నాన్న రొయ్యల చెరువులో సున్నం చల్లుతాడు అన్నయ్యా, ఆయన చేతులు అందుకేనా పగిలేది?" అని అడిగాడు. అందుకే. సున్నం ఘాటైన క్షారం, చర్మం మీది నూనెను తీసేస్తుంది. మరునాడు వాళ్ల నాన్న వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు, పాఠం అయ్యేదాకా ఉన్నాడు.

అక్కడి నుంచి నీళ్ల దగ్గరికి వచ్చాం. ధవళేశ్వరం నుంచి కాలువలో వచ్చే గోదావరి నీళ్లే మన ఊళ్ల చెరువులు నింపుతాయి. వేసవిలో కాలువ కట్టేస్తే ఆ చెరువే ఆధారం. ఒక నాయనమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి, మట్టి అడుక్కి దిగడం పిల్లలకు చూపించింది. పటిక చేసే పనే చిల్లగింజా చేస్తుందని మేము వివరించాం. కానీ తేటగా ఉన్న నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. క్రిములు పోవాలంటే క్లోరిన్ కావాలి. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పిల్లలు ఊరి పటం గీసి పద్నాలుగు కుళాయిలు గుర్తించారు. ఎనిమిది రోజులు పొద్దున్నే సీసాలు పట్టుకుని తిరిగారు. ట్యాంకు దగ్గరి వీధుల్లో పసుపు వచ్చింది, పేటకు వచ్చేసరికి పలచబడింది, చివరి మూడు కుళాయిల్లో రంగే లేదు. ఆ మూడింటి నీళ్లను హెచ్‌టుఎస్ సీసాల్లో పోసి ఉంచితే తెల్లారేసరికి నల్లబడ్డాయి. మలినం కలిసిందని దానర్థం.

ఎలా కలిసింది? దీనికి జవాబు కనిపెట్టింది మేము కాదు, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె. చివర్లో ధార సన్నగా వస్తుందని జనం గుంట తవ్వి, కుళాయిని అందులోకి దించుకున్నారు. నీళ్లు ఆపగానే పైపు వెనక్కి పీల్చుకుంటుంది, గుంటలో నిలిచిన మురికి లోపలికి పోతుంది. ఆ పిల్ల గుంటలో పసుపు నీళ్లు పోసి, సప్లై ఆగాక అవి తగ్గడం మాకు చూపించింది.

ఈలోగా మా గంటలు పూర్తయ్యాయి. లాగ్‌బుక్‌లో మొత్తం లెక్క వేసి పెట్టేది ఆ అమ్మాయే. "నూట ఎనభై అయిపోయాయి అన్నయ్యా. రేపట్నుంచి రారుగా?" అంది. నిష్ఠూరమేమీ లేదు, లెక్క చెప్పినట్టే చెప్పింది. మాకు ఆదివారమంటే పెళ్లిళ్లలో క్యాటరింగ్ పని, దానికొచ్చే ఐదు వందలు. ఆ రాత్రి హాస్టల్ డాబా మీద చాలాసేపు మాట్లాడుకుని వంతులు వేసుకున్నాం. ఇద్దరు పేటకి, ఇద్దరు వడ్డనకి, వచ్చిన డబ్బు నాలుగు భాగాలు.

చార్టు పట్టుకుని పిల్లలు పంచాయతీకి వెళ్లారు. అక్కడున్న ఒక పెద్దమనిషి "చదువుకోమంటే మీకు ఈ పనులు ఎవరు నేర్పారు?" అన్నాడు. అందరూ మా వైపు చూశారు. ఆ అమ్మాయి మాత్రం చార్టు మీద వేలు పెట్టి, "మీ వీధి కుళాయి నీళ్లూ పట్టామండి. అక్కడ పసుపు వచ్చిందండి" అంది. ఆయన చార్టు దగ్గరికి వచ్చి కళ్లజోడు పెట్టుకున్నాడు.

అక్షరం వచ్చినవాళ్లు ఇలా అడగడం మన నేలకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు సాక్షరతా ఉద్యమంలో పనిచేశారు. ఆ రాత్రి బడుల్లో దిద్దుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. బాలల సైన్స్ కాంగ్రెస్ దేశవ్యాప్తంగా మొదలైందీ ఆ ఏడాదే. స్థానిక సమస్య మీద పిల్లలే పరిశోధన చేయాలన్నది దాని పద్ధతి. ఈ సంగతులు పిల్లలకు చెప్పాం గానీ, వాళ్లకు అప్పుడు కావాల్సింది పైపు రెంచీ.

రెంచీ తెచ్చింది వాటర్‌మ్యాన్. అదే సాయంత్రం వచ్చి మురుగు కాలువ కింద కారుతున్న జాయింటు బిగించాడు. పేటవాళ్లు చందాలు వేసుకుని గుంటల చుట్టూ సిమెంటు గట్లు కట్టారు. మళ్లీ పరీక్షిస్తే రెండు సీసాలు తేటగా ఉన్నాయి. మూడోది ఇప్పటికీ నల్లబడుతూనే ఉంది. ఆ కుళాయి నీళ్లు మరిగించి తాగుతున్నారు.

పిల్లల్ని ఒకసారి కొల్లేరు తీసుకెళ్లాం, ఆటపాకలో గూడబాతులు చూపించడానికి. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు అభయారణ్యం చేశారని, హద్దు లోపలి చేపల చెరువుల గట్లు 2006లో తెంచేశారని చెబుతున్నాం. "మా నాన్న పనిచేసే చెరువులూ తెంచుతారా?" అన్నాడు సున్నం ప్రశ్న అడిగిన అబ్బాయి. అవి హద్దుకి చాలా దూరమని చెప్పాక గానీ వాడు పక్షుల వైపు చూడలేదు.

వాడు పదో తరగతి మధ్యలో బడి మాని ఆ చెరువుల మీదికే పనికి వెళ్లాడు. ఇంట్లో అప్పు. రెండు ఆదివారాలు చెరువు గట్టు మీదే కూర్చుని వాడికి లెక్కలు చెప్పాం. వాళ్ల నాన్నే మూడో వారం తీసుకొచ్చి దింపాడు. పరీక్ష పాసయ్యాడు, లెక్కల్లో ముప్పై ఎనిమిది. ఇంటర్లో చేరాడు గానీ ఫీజు సంగతి ఇంకా తేలలేదు. ఆ అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోంది. పైపులైన్లు వేస్తుందట.

ఈ ఏడాది మా చదువులు అయిపోతాయి, నలుగురం నాలుగు చోట్ల ఉంటాం. అందుకే ఇది రాస్తున్నాం. పటం, లెక్కల పుస్తకం, మిగిలిన సీసాలు వార్డెన్ గారి బీరువాలో కింది అరలో ఉన్నాయి. ఆర్థోటాలిడిన్ ఎండ తగలకుండా ఉంచండి, చేతికి అంటనివ్వకండి, పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి. ఆదివారానికి ఇద్దరు చాలు. పేరు ఇవ్వదలచిన తమ్ముళ్లు సభ అయ్యాక భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి. మేము వడ్డనలో ఉంటాం.